కోతలు కావు, టర్కీ మాటలే

నేను బాన్సువాడ గంగవ్వను. అరవై రెండేండ్లు. ఇంట్ల కొడుకు, కోడలు, నేను. పోయిన నా పెనిమిటికి రాయిస్తున్న.

సిపాయిగ లడాయికి పోయి, టర్కోళ్ల ఖైదుల ఉండి వాళ్ల భాష నేర్చిన్నని నువ్వంటే, దుకాణం నర్సయ్య "అన్నీ కోతలే" అని నలుగుర్ల నవ్విండు. నిన్న నిజాంసాగర్ చూడవోతున్న టర్కీ దొరసాని మోటారు ఆయన దుకాణం ముంగటనే ఆగింది. ఆమె దిగి, ఆడ నిలవడ్డ నాకు సిగరెట్టు ఇయ్యవోయింది.

"సిగరా ఇచ్మెమ్" అన్న. ఆమె నోరు తెరిచింది.

"ఏందవ్వా అన్నవు?" అన్నడు నర్సయ్య.

"తాగనన్న. ఇచ్ అంటే తాగు. కాదన్నది, నేనన్నది దాని ఎనకనే అతుకుతయి, మన లెక్కనే."

ఎవరు నేర్పిన్రని ఆమె తన భాషల అడిగింది. మొగని పేరు తియ్యొద్దంటరు, నేనూ ఎన్నడు తియ్యలే. నర్సయ్య ఇనేటట్టు గట్టిగ చెప్పిన: మల్లయ్య!

గంగవ్వ వేలిముద్ర
సాక్షులు: సాయన్న, లచ్చవ్వ