ముసుగు వెనక ముఖం

అన్నా,

ఈ రోజు నీ ఆబ్దికం. ఫొటో ముందు నీకిష్టమైన బీన్స్ కూర పెట్టి, టీవీ ముందు కూర్చున్నాం. రెడ్‌హిల్ టీరూమ్‌లో ఆ చిన్న కిరాణాకొట్టులో నాణేలు వేసి నువ్వు రోజూ ఆడిన వీడియో గేమ్‌ని సీరియల్‌గా తీశారు.

గేమ్‌లో ఆ వీరుడు ఎప్పుడూ ముసుగు తీయడు. "తీస్తే మనలాగే నల్లగా ఉంటాడు, చూస్కో" అనేవాడివి. నేను పడీపడీ నవ్వేదాన్ని. హీరో అంటే తెల్లవాడేనని అప్పట్లో నా నమ్మకం. తెల్లవాళ్లు ఏలిన ఈ దేశంలో మన ఇండియన్లకు ఓటు రాకముందే నువ్వు పోయావు.

ఇవాళ సీరియల్లో ముసుగు తీశాడు. అచ్చం మన ఇండియన్ల పేట చాట్స్‌వర్త్ కుర్రాడిలా ఉన్నాడు. నువ్వు చూడని నీ మేనకోడలిని పట్టుకుని కుదిపాను, చూశావా అని. అది కూర నములుతూ నన్ను వింతగా చూసింది.

"అలాగే ఉంటాడు కదా, మా. ఇంకెలా ఉంటాడు?"