గోళీల మిషను

నెల్లిమర్ల,
జూలై 6, ఆదివారం.

ఒరే విజయ్,

ఎలా ఉన్నావని అడగను. బాగానే ఉండి ఉంటావు. ఫోను చేస్తే "అక్కా, వేను లోడవుతన్నాది, మళ్ళీ సేస్తాను" అంటావు. ఆ మళ్ళీ ఎప్పటికీ రాదు. అందుకే కాగితం తీశాను, దీన్నయితే నువ్వు మధ్యలో కట్ చెయ్యలేవు కదా! రేపు దాలయ్య నీ వేను తోలుకుని సాలూరు తిరిగి వెళుతున్నాడు. అతని చేతికే ఇచ్చి, నువ్వు చివరిదాకా చదివేవరకూ అక్కణ్ణుంచి కదలొద్దని చెప్పాను.

సంగతి నీ గోళీల మిషను గురించి. మార్చిలో నువ్వే మోసుకొచ్చి నా ఫ్యాన్సీ షాపు గుమ్మం పక్కన నిలబెట్టావు. కింద ఎర్ర స్టాండు, పైన గాజు బుడగ, దాన్నిండా రంగురంగుల బబుల్‌గమ్ గోళీలు. రూపాయి బిళ్ళ వేసి పిడి తిప్పితే ఒకటి దొర్లుకుంటూ వచ్చి చేతిలో పడేది. బడి వదిలేసరికి జూట్ మిల్లు క్వార్టర్ల పిల్లలు వరస కట్టేవారు. మీ బావగారు కూడా ఎవరూ చూడటం లేదనుకుని ఒకటి తిప్పుకుని బుగ్గన పెట్టుకునేవారు. నా తమ్ముడు పెట్టిన మిషను అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకుని మురిసిపోయాను, నా ఖర్మ!

ఇప్పుడేమయిందో తెలుసా? గోళీలు చేదు. అవును, చేదే. రంగులు మాసిపోయి, ఎరుపేదో నారింజేదో పోల్చుకోలేకుండా ఉన్నాయి. పై పూత జిడ్డుగా తయారై ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. బిళ్ళ మింగేసి మిషను మొరాయిస్తుంది. నెత్తిన రెండు దెబ్బలేస్తే మూడు గోళీలు ముద్దగా పడతాయి. నోట్లో వేసుకున్న పిల్లలు నా గుమ్మం ముందే ఉమ్మేసి పోతున్నారు. పొద్దున్నే ఆ మరకలు కడుక్కోవడం నా వంతు.

నిన్న మిల్లు క్వార్టర్ల నారాయణమ్మ మనవరాల్ని చంకనేసుకుని వచ్చింది. షాపు నిండా బేరాలున్నాయి. వాళ్ళందరి ముందూ "ఏటమ్మా కన్యమ్మా, పిల్లలకి ఏటమ్ముతన్నావు? నీ గోళీ నమిలిన కాణ్ణుంచి ఇది కక్కుతన్నాది! ఎలకల మందు గాని కలిపీసినావేటి?" అని అరిచింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో గాజులూ రిబ్బన్లూ అమ్ముతున్నాను, ఒక్కళ్ళ చేత మాట పడలేదు. ఇప్పుడు నీవల్ల పడ్డాను.

నీకు ఫోను చేసి చెబితే ఏమన్నావు? "బొబ్బిలిలోనూ, రాజాంలోనూ, పార్వతీపురంలోనూ మన మిషన్లే కదక్కా, ఎవులూ ఏటీ అన్లేదు" అన్నావు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. అంటే మంచి సరుకు వాళ్ళకి వెళుతోందన్నమాట, మిగిలిన చెత్త అక్కకి. మనింటి అలవాటు నేను మర్చిపోయాననుకున్నావా? నాన్న దుకాణంలో విరిగిన బిస్కెట్లూ, పురుగుపట్టిన పప్పూ, సాగిపోయిన చాక్లెట్లూ మనింటి వంటగదికి వచ్చేవి. మంచివన్నీ బేరానికి. ఇంటివాళ్ళు ఏది పెట్టినా తింటారని ఆయన ధీమా. పండక్కి కూడా నేను విరగని బిస్కెట్టు తిన్నది లేదు. అప్పుడు నోరు మూసుకున్నాను. నాన్న గనక ఊరుకున్నాను. కానీ అక్క ఇంటిమనిషే, అడగదులే అని నువ్వూ అనుకుంటే మాత్రం ఊరుకోనురా. నాకిప్పటికీ అది కడుపులో మంటే.

వారం టైమిస్తున్నాను. కొత్త సరుకు పంపు. లేకపోతే నా నోటి సంగతి నీకు తెలుసు.

మండిపోతున్న నీ అక్క,
కన్యాకుమారి


నెల్లిమర్ల,
జూలై 20, ఆదివారం.

సాలూరు హోల్‌సేల్ వ్యాపారి శ్రీ విజయ్‌కుమార్ గారికి,

ఇలా రాస్తే నొప్పిగా ఉందా? ఉండనీ.

గురువారం నువ్వు వచ్చావు. ఫోనులో అంత వాదించినవాడివి, నా షాపులో మిషను మూత తీసి, గాజు బుడగలో మొహం పెట్టి, కాసేపు అలాగే వంగి ఉండిపోయావు. లేచి నా వంక ఒకసారి చూశావు. మూత వేసేసి, "సరుకే బాగోలేదక్కా. తప్పు నాదే. తీసికెళ్ళిపోతాను" అన్నావు. అంతే. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. దాలయ్యా నువ్వూ కలిసి మిషను ఎత్తి వేనులో పడుకోబెట్టుకుని పోయారు. 

అంటే నీకు ముందే తెలుసన్నమాట! తెలిసీ పసిపిల్లల నోట్లో పెట్టించావన్నమాట! వాదించి ఉంటే ఏదో పొరపాటనుకునేదాన్ని. నువ్వు ఒప్పుకున్నాక నాకు అనుమానం కూడా మిగల్లేదు.

అందుకే నిన్న విజయనగరంలో మన వర్తక సంఘం మీటింగులో లేచి అంతా చెప్పాను. తమ్ముడని చూడలేదు. అధ్యక్షుడు జగన్నాధం గారు నీ వైపు తిరిగి "ఏటయ్యా, మీ అక్క సెప్పింది నిజవేనా?" అంటే తలొంచుకుని "నిజవేనండి" అన్నావు. అక్కడికక్కడే బొబ్బిలి వాళ్ళూ రాజాం వాళ్ళూ నీ మిషన్లు తిప్పి పంపేస్తామన్నారు. అప్పుడైనా ఏదో ఒకటి అంటావని చూశాను. చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయావు. ఇంటికొచ్చాక మీ బావగారు నాతో మాట్లాడటం మానేశారు. "ఒక్కసారి ఆలోచించాల్సింది" అని మాత్రం అన్నారు. ఏమాలోచించాలి? తప్పు చేసినవాణ్ణి వదిలేసి నన్ను సాధిస్తారేం అందరూ?

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. నీ సరుకు ప్యాకెట్టు ఒకటి విప్పనిది నా దగ్గరుంది. మిషనులో పోసిన ప్యాకెట్ల మీదున్న బ్యాచి నంబరే దీని మీదా ఉంది. దాన్ని రేపు ఆహార శాఖ వాళ్ళకి ఫిర్యాదుతో సహా పంపుతున్నాను. నీ మేనకోడలు హర్షిత కంప్యూటరులో టైపు చేస్తోంది. నీ లైసెన్సు పోతుందని ఏడుస్తూ చేస్తోంది. మావయ్యని ఏమీ అనొద్దంటుంది. అయినా పంపుతాను. నారాయణమ్మ మనవరాలి కంటే నా తమ్ముడి వ్యాపారం ఎక్కువ కాదు.

ఇట్లు,
కన్యాకుమారి, ఫ్యాన్సీ షాపు


నెల్లిమర్ల,
ఆగస్టు 3, ఆదివారం.

నా బంగారు వెధవా,

ఫిర్యాదు పంపలేదు. ఎందుకు పంపలేదో చెబుతాను. చదివి నవ్వావంటే చంపేస్తాను.

ఆ సోమవారం ప్యాకెట్టు కట్టబోతుంటే, రుచి ఎలా ఉందో కూడా రాయాలమ్మా అంది హర్షిత. సరేనని కత్తెరతో మూల కోసి ఒకటి నోట్లో వేసుకున్నాను. తీపి. ఇంకోటి వేసుకున్నాను. అదీ తీపే. మా అమ్మాయి నాలుగు నమిలేసి "బానే ఉన్నాయి కదే" అంది. ముందు నాకు ఇంకా కోపం వచ్చింది. చేదుగా ఉండవలసినవి తియ్యగా ఉంటే ఫిర్యాదు ఎలా రాయను? అదే బ్యాచి, అదే నంబరు, అదే షాపు. ఏం చెయ్యాలో తోచక సాయంత్రం దీపం పెట్టుకున్నాను. రోజూలాగే నిప్పుల మీద సాంబ్రాణి వేసి, గల్లాపెట్టెకి చూపించి, గాజుల అద్దాలకి చూపించి, గుమ్మం దాకా వచ్చాను. ఎడం చేయి దానంతటదే పైకి లేచింది. మూత ఎత్తడానికి. అక్కడ మిషను లేదు. చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది, ఓరి దేవుడా!

అర్థమైందా? నీకెప్పుడో అర్థమైందిలే. వేసవి సెలవులకి పిల్లలు తగ్గారు. తమ్ముడి మిషనుకి దిష్టి తగిలిందనుకున్నాను. షాపులో మిగతా సరుకంతటికీ పైపైన చూపించే ధూపాన్ని, నీ మిషనుకి మాత్రం తాళం తీసి, మూత ఎత్తి, ధూపం గిన్నె ఆనించి పొగ లోపలికి పట్టేదాన్ని. పొగ బయటికి పోతే ఫలితం ఉండదని వెంటనే మూత వేసి తాళం పెట్టేదాన్ని. గోళీలు బాగోలేవని పిల్లలు మొహం తిప్పుకునేకొద్దీ దిష్టి ఎక్కువైందని రెండు పూటలా పట్టాను. షాపులో నాకూ గాజులకీ గోడలకీ అదే వాసన, ఇంక ముక్కుకేం తెలుస్తుంది? నమ్మకం చాలక, ప్యాకెట్టులోవి పది గోళీలు స్టీలు డబ్బాలో పోసి మూడు రోజులు పొగ పట్టి చూశాను. నోట్లో వేసుకుని ఉమ్మేశాను. నారాయణమ్మ మనవరాలు కక్కడంలో వింతేం లేదు.

ఇదీ నా ఘనకార్యం. ఇప్పుడు నీ సంగతికి వద్దాం.

ఎవడడిగాడురా నిన్ను? గాజు బుడగలో మొహం పెట్టిన క్షణాన నీకు తెలిసిపోయింది. లేచి నన్ను చూశావే, ఆ చూపు ఇప్పుడు తెలుస్తోంది నాకు. "అక్కా, సాంబ్రాణి పట్టావేటే?" అని ఒక్క ముక్క అంటే అయిపోయేది కదా! నీ పెళ్ళాం రాజకుమారికి ఫోను చేసి అడిగితే "నాకేటీ తెల్దు వదినా, సెప్పొద్దన్నారు" అంది. ఏం తెలియనిదానికి చెప్పొద్దనడం ఏమిటో! రెండోసారి గద్దించాక చెప్పింది, "అక్కే పిల్లలకి పొగెట్టిందంటే ఆ ఊళ్ళో ఎవులు దాని షాపుకొస్తారు? నాకైతే ఇంకో యాపారం ఉన్నాది" అన్నావట. నేను నిన్ను సంఘంలో నిలబెట్టి తిడుతుంటే, నీ మిషన్లు ఊరూరా వెనక్కి వస్తుంటే, నువ్వు తలొంచుకుని నా షాపు గురించి ఆలోచించావా? ఎంత పొగరురా నీకు! అక్క తప్పు అక్క మొయ్యలేదనుకున్నావా? నన్ను అంత చేతకానిదాన్ని చెయ్యడానికి నువ్వెవడివి?

ముందు నారాయణమ్మ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసి "సదువుకున్నదానివి, బుద్ధుండాలి కదమ్మా" అంది. నిజమే కదా అన్నాను. అప్పట్నుంచి క్వార్టర్ల వాళ్ళు కొందరు ఎదుటి షాపుకి వెళుతున్నారు. వెళ్ళనీ. నువ్వు భయపడ్డది జరిగింది, నేనేమీ చచ్చిపోలేదు.

నిన్న మళ్ళీ సంఘానికి వెళ్ళాను. నువ్వు రాలేదు, మీ బావగారు మాత్రం వచ్చారు. నేను లేవగానే జగన్నాధం గారు "కూకోమ్మా, అయిపోయిన ఇసయం మళ్ళీ ఎందుకు?" అన్నారు. కూర్చోనన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. హాలంతా ఒకటే నవ్వు. రాజాం ఆయనైతే కళ్ళు తుడుచుకుంటూ "గోళీలకీ దూపవేసీసినావేటమ్మా!" అన్నాడు. నవ్వండి బాబూ, నవ్వడం అయ్యాక మా తమ్ముడి మిషన్లు తిప్పి పంపినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, మళ్ళీ ఎప్పుడు పెట్టించుకుంటారో చెప్పండి, అప్పటిదాకా నేను కూర్చోను అన్నాను. రాజాం ఆయనే ముందు లేచాడు. ఆరుగురు ఒప్పుకున్నారు. బొబ్బిలాయన ఆలోచిస్తానన్నాడు, ఆయన సంగతి నేను చూసుకుంటాను.

అంతా అయ్యాక జగన్నాధం గారు మెల్లిగా అడిగారు. "మరి మీ తమ్ముడు తన తప్పు కాందే ఎందుకొప్పుకున్నాడమ్మా?" అన్నారు. అంతమంది నవ్వినా తొణకనిదాన్ని, ఆ ఒక్క మాటకి తట్టుకోలేకపోయాను. ఏమని చెప్పను? అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాను. మీ బావగారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

నువ్వే చెప్పాలి ఆ జవాబు. వచ్చే ఆదివారం మిషను వేసుకుని రా. దాలయ్య చేత పంపావంటే తిప్పి పంపేస్తాను. తాళంచెవి మాత్రం నీ దగ్గరే ఉంచుకో, నా చేతిని నేను నమ్మను. వచ్చి ముందు గుమ్మంలో నిలబడి, ఎదుటి షాపువాడికి కూడా వినపడేలా నన్ను నోరారా తిట్టు. మొహమాటపడ్డావో, ఇంట్లోకి రానివ్వను. తిట్టడం పూర్తయ్యాకే నీకు అన్నం.

తిట్ల కోసం ఎదురుచూస్తున్న నీ అక్క,
కన్యాకుమారి