బావ పక్కన స్పాటర్

ఫిబ్రవరి 8, ఆదివారం

బావ ఇవాళ అసలు సంగతి చెప్పాడు. వర్క్‌షాప్‌లో లేత్ మిషన్ ఆపి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాడు. కుడి కంట్లో నడిమధ్యన మచ్చ వచ్చిందట. ఎడమదీ అదే దారి పట్టిందట. పక్కనున్నవి కనిపిస్తాయి, సూటిగా చూసింది మాయమవుతుంది. తను రిమోట్‌తో ఎగరేసే జెట్ కాస్త దూరం వెళ్తే చాలు, అటు తిరిగిందో ఇటు తిరిగిందో తెలియడం లేదట.

ఆ జెట్ ఆటబొమ్మ కాదు. మనిషంత పొడవు. లోపల కిరోసిన్‌తో నడిచే నిజమైన టర్బైన్. గంటకి మూడొందల కిలోమీటర్లు పోతుంది. రిమోట్ బావ చేతిలో ఉంటుంది, నేను పక్కన స్పాటర్‌ని. పైలట్ జెట్ మీంచి కన్ను తీయకూడదు కాబట్టి చుట్టుపక్కల చూసి చెప్పడం నా పని.

అక్కకి చెప్పొద్దన్నాడు. ఎటు తిప్పాలో నేను చెబితే తను తిప్పుతాడట, అంతే తేడా అట. నేను నవ్వాను. ఆ నవ్వుతోనే ఒప్పుకున్నట్టయింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఎడమ. చాలు. ఎత్తు. పవర్ తగ్గించు. ఇవే మాటలు, ఎనిమిది నిమిషాలు. జెట్ వెన్న మీద పెట్టినట్టు దిగింది. మా మోడల్ విమానాల క్లబ్‌లో ఒక్కడికీ అనుమానం రాలేదు. ఇంటికొచ్చాక నా గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఈ డైరీలో కాకపోతే ఇంకెక్కడ ఒప్పుకుంటాను? నాకు మహా సరదాగా ఉంది.

క్లబ్‌లో నా పేరు గునపం. నేను ఎగరేసిన మూడు థర్మాకోల్ విమానాలూ నిటారుగా నేలలో దిగబడ్డాయి, అందుకని. ఆఫీసులో డిస్పాచ్ సెక్షన్ నాది, అటెండర్ కూడా నా మాట లెక్కచెయ్యడు. ఇప్పుడు నేను ‘కుడి’ అంటే మూడొందల కిలోమీటర్ల వేగం కుడికి తిరుగుతోంది.

మార్చి 1

వరసగా నాలుగు రోల్స్, గాల్లోనే గిరగిరా పల్టీలు. బావ అడగలేదు, నేనే చేయించాను.

మార్చి 8, ఆదివారం

ఈ నెల ఇరవై రెండున క్లబ్ షో. తాడుకి అవతల నాలుగైదొందల మంది జనం. పైలట్లందరూ కంటి సర్టిఫికెట్ ఇవ్వాలి. బావ ఫారం సెక్రటరీ చదవకుండానే సంతకం పెట్టేశాడు. గురువుకే పరీక్షా అన్నాడట. అతనికి ఎగరేయడం నేర్పింది బావే మరి. దారిలో ఆ సంగతి చెప్పి బావ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఆ సంతకం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మార్చి 15, ఆదివారం

ఫైరాయన కనిపెట్టేశాడు.

ఫైర్ సర్వీసులో రిటైరైన మనిషి. ఎవరు ఎగరేసినా మంటలార్పే సిలిండర్ పట్టుకుని వెనకాల నిలబడతాడు. మోకాళ్ళ నొప్పులున్నా కూర్చోడు. ఇవాళ కుళాయి దగ్గర నన్ను ఆపాడు.

“నీ నోరు ముందు కదులుతోంది బాబూ. ఫ్లైటు తర్వాత తిరుగుతోంది.”

దబాయించబోయాను, కుదర్లేదు. షో లోపు మీరే కమిటీకి చెప్పండి, లేదా నేను చెబుతాను అన్నాడు. బతిమాలాను. బావకి ఇదే ఆఖరిదనీ, మర్నాడే నేను స్వయంగా కమిటీకి చెబుతాననీ ఒట్టేశాను. చివరికి సరేనన్నాడు. కానీ జెట్‌ని జనం వైపు రానివ్వొద్దట. తను ఆ రోజు వెనకాల కాకుండా రన్‌వేకి దగ్గరగా, ముందుకొచ్చి నిలబడతాడట. ఏదన్నా అయితే త్వరగా అందుకోవడానికి.

మార్చి 18

బావకి ఆ సంగతి చెప్పలేదు. చెబితే మానేస్తాడు. ఆయన మానేస్తే నేను మళ్ళీ గునపాన్నే.

మార్చి 22, ఉదయం ఆరు

రాత్రంతా నిద్ర లేదు. అక్క బావ చొక్కా ఇస్త్రీ చేస్తోంది, తనూ వస్తుందట. బావ ఈల వేస్తున్నాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు. ఇంకా నాలుగు గంటల టైముంది.

మార్చి 22, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి ఆరు నిమిషాలు అద్భుతం. చప్పట్లు టర్బైన్ మోతని దాటి వినిపించాయి. ఇంకొక్కసారి కిందనించి తీసుకెళ్దామన్నాను. అన్నది నేనే. జెట్ రన్‌వే మీద తలెత్తున వస్తోంది. అప్పుడే కుడి పక్కన ఒకావిడ ఫోన్ పట్టుకుని తాడు కిందనించి లోపలికి దూరింది. నేను తల తిప్పి ఆవిడని వెనక్కి పొమ్మని అరిచాను. స్పాటర్ అన్నవాడు చెయ్యాల్సిన పనే అది.

ఆ క్షణం జెట్‌ని ఎవరూ చూడటం లేదు.

బావ నా మాట కోసం ఆగాడు. నేను మళ్ళీ అటు తిరిగేసరికి రెక్క వాలిపోయి ఉంది. ‘ఎత్తు’ అన్నాను. అనేసరికే అయిపోయింది. ముందుకొచ్చి నిలబడ్డ ఫైరాయన పక్కకి తప్పుకోలేకపోయాడు. ఆయన సిలిండర్‌తోనే ఎవరో మంటలార్పారు.

మార్చి 24

కమిటీ పిలిచింది. రిమోట్ సిగ్నల్ పోయిందని బావ చెప్పాడు. నన్నడిగారు. అవునన్నాను. ఇలాంటివి ఎంతటివాడికైనా తప్పవని సెక్రటరీ బావ భుజం తట్టాడు. అక్క ఆ రోజునించీ ముద్ద ముట్టడం లేదు, పాపం మీ బావ అని నాకే చెప్పుకుని ఏడుస్తోంది.

ఇంటి ముందు కారు ఆపితే బావ దిగకుండా అలాగే కూర్చున్నాడు.

“అప్పుడు ఎటు చూస్తున్నావురా?”

తాడు దాటిన ఆవిడ గురించి చెప్పాను. బావ తలూపాడు. తలుపు తీసుకుని కారు దిగాడు.

మార్చి 27

ఫైరాయనకి ఇంకా స్పృహ రాలేదు. ఐసీయూ బయట ఆయన కూతురు నా చేతులు పట్టుకుంది. స్పృహ వచ్చినా మాట వస్తుందో లేదో చెప్పలేమన్నారట డాక్టర్లు.

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఛీ. అయినా రాస్తున్నాను. లేచొచ్చింది.

మార్చి 29, ఆదివారం

ఫైరాయన కళ్ళు తెరిచాడట. బావని కాదు, నన్ను తీసుకురమ్మన్నాడట.