చేప కన్ను, నాన్న కన్ను

అమ్మా,

నాన్నకి శుక్లం ఆపరేషన్ అయింది. బాగా ముదిరాకే తీయించుకోవాలని మొండికేశాడు కదా, చివరికది రాయిలా గట్టిపడింది. మెషిన్‌తో పొడి చేస్తే ఆ తాకిడికి కార్నియా దెబ్బతింటుందని, డాక్టరమ్మ చిన్న కోత పెట్టి చేత్తోనే తీసింది. కార్నియా అంటే కంటికి ముందుండే అద్దంలాంటి పొర.

"అది పాడైతే ఏటవుతాది?" అని డాక్టరమ్మని ముందే అడిగాడు నాన్న.

"తెల్లగా మసకబారుతుంది."

"నిలవ సేప కన్నులాగన్నమాట. మా ఆవిడ అదే సూసి కొనీది."

మొన్న లైటు వేసి చూసి, కార్నియా తేటగా ఉందంది డాక్టరమ్మ.

ఈ ఉదయం నాన్నతో హార్బర్‌కి వెళ్లాను. నువ్వు పోయాక చేపలు తెచ్చేది ఆయనే. ఏం తెచ్చినా నేను మాట్లాడకుండా వండేదాన్ని. ఇవాళ గంపలోంచి వంజరం ఎత్తి, కంట్లోకి చూసి, "ఇది నిన్నటిది, ఒగ్గేయ్" అన్నాడు.

అమ్మేది నీకు ఎప్పుడూ చేపలిచ్చే ఆవిడే. "అచ్చం వదినలాగే సూత్తన్నావేటి, అన్నయ్యా," అంటూ అడుగు నుంచి ఇంకోటి తీసింది.

మధ్యాహ్నం పులుసు నాన్న రెండుసార్లు వేయించుకున్నాడు. నువ్వు వెళ్లాక మనింట్లో ఉడికిన మొదటి తాజా చేప అది.