తాబేలు పెట్టెలో థర్మామీటరు

ఇమాం వలీ,

తాబేలు పెట్టె కింద కందిలి ఆరిపోయింది. రాగానే నూనె పోసి వెలిగించు. పెట్టెలో నువ్వు కట్టిన థర్మామీటరు నేను విప్పి తీసుకుపోతున్నాను, వెతక్కు. అది జ్వరం చూసేది. ఒకసారి ఎక్కిన పాదరసం విదిలిస్తే తప్ప దిగదు. కందిలి పెట్టిన మొదటిరోజు తొంభై ఎనిమిదికి ఎక్కింది, అక్కడే ఆగిపోయింది. నువ్వేమో రోజూ దాన్ని చూసి, "తొంభై ఎనిమిదున్నది అక్కా, ఫికర్ లేదు" అని డ్యూటీకి పోయావు. ఈ పొద్దున పట్టుకుంటే తాబేలు రాయిలా చల్లగా ఉంది.

కరాచీకి పోయేనాడు పక్కింటి నాసర్ మామ ఈ తాబేలును నీ చేతుల్లో పెట్టి, "చలికాలం జెర వెచ్చగ ఉంచు బిడ్డా" అన్నాడు. ఒక్కనాడైనా ముట్టి చూశావా?

నాయిననూ అంతే. పోలీసు యాక్షన్ అయినాక ఆయనను ఠాణాలో పెట్టి వదిలిన దగ్గర్నుంచి నువ్వు గడపలోనే నిలబడి, "మంచిగున్నవా నాయినా" అంటావు. "మంచిగనే ఉన్న" అంటాడు. నువ్వు చెప్పులేసుకుంటావు.

నాయినను రిక్షాలో దవాఖానకు తీసుకుపోతున్నాను. కందిలి వెలిగించి నువ్వూ అక్కడికే రా. అన్నం ఉట్టి మీద ఉంది.

మాబూబీ

తాబేలు బతికే ఉంది. చల్లబడిందని నాయిన దాన్ని తన దుప్పట్లోకి తీసుకున్నాడు. కాసేపటికే అది మెడ బయటపెట్టింది. అంత వేడి ఎక్కడిదని దుప్పట్లో చెయ్యి పెట్టాను. నాయిన ఒళ్లు కాలిపోతోంది.