పదిమందైతేనే తెరిచే సీసా

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కూతురు పుష్పకు తట్టు టీకా వేయకపోగా, నేనే వద్దన్నట్టు రాసుకొనుట గురించి.

నార్కట్‌పల్లి దగ్గరి గొర్రెల కాపరి కురుమయ్య వ్రాయునది ఏమనగా:

1. వరికోతలు కాగానే ఏటేటా మా మంద హుజూర్‌నగర్ వైపు పొలాలకు పోవును. తల్లి లేని పిల్ల గనుక ఐదో తరగతి చదివే పుష్ప నా వెంటే వచ్చును. మేము లేని ఆ దినాల్లోనే బడిలో టీకాలు వేసి, నా పిల్ల పేరు ఎదుట 'తండ్రి నిరాకరించెను' అని రాసిరి. నన్ను అడిగినదెవరు? ఎప్పుడు అడిగిరి?

2. తిరిగొచ్చి బడికి పోతే పెద్దసారు దవాఖానకు పొమ్మనిరి. అక్కడ నర్సమ్మ, "సీసా తెరిస్తే పదిమందికి ఎయ్యాలె. ఒక్క పిల్లకు తెరిస్తే మిగిలింది పారబోసుడే. ఇంకో తొమ్మిది మందిని తోలుకరాపో" అన్నది.

3. ఆ నెలలోనే పశువుల దవాఖాన వారు మంచుపెట్టె భుజాన వేసుకొని, గట్లు దాటి మా మంద దగ్గరికే వచ్చి, నూట నలభై గొర్రెలకు సూదులు వేసి పోయిరి. ఒక్క గొర్రెనైనా బడికి రమ్మనలేదు. తమ శాఖకు సిగ్గు అనునది మంజూరు కాలేదా?

4. నర్సమ్మ మాట పట్టుకొని మూడు దినములు చుట్టుపక్కల మందలన్నీ తిరిగితిని. టీకా తప్పిన పిల్లలు తొమ్మిది మంది దొరికిరి. వాళ్ళ తండ్రులందరూ 'నిరాకరించిన' వారేనట! పుష్పతో కలిపి పదిమందిని ఆటోలో దవాఖానకు తోలుకుపోతే, నర్సమ్మ "గియ్యాల శనివారం. సీసా బుధవారమే తెరుస్తం" అన్నది. "బుధవారం దాంక తట్టు ఆగుతదా అమ్మా?" అంటే తలుపు వేసుకున్నది.

కావున మా పిల్లలున్న చోటికే మనిషిని పంపి టీకాలు వేయించి, ఆ 'నిరాకరించెను' అన్న అబద్ధాన్ని కొట్టివేయించవలెను. కోపముతో వ్రాసినది, కోపముగానే చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఈ ఒక్కసారికి),
కురుమయ్య

తా.క.: సారూ, ఇయ్యాల బుధవారం. ఆ పదిమందిలో ఒకడు, పక్క మంద దుర్గయ్య కొడుకు, నిన్నటి సంది కండ్లు తెరుస్తలేడు. ఒళ్ళంత తట్టు పోసింది. తొమ్మిది మందిని తీస్కపోతే నర్సమ్మ లెక్కవెట్టి "ఒకలు తక్కువున్నరు" అన్నది. అందర్నీ తెచ్చి మీ ఆఫీసు వరండాల కూసోవెట్టిన. పదో పిల్లను మీ ఇంట్లకెల్లి తెస్తరో, తొమ్మిది మందికే సీసా తెరుస్తరో మీ ఇష్టం. పుష్ప నుదురు పట్టి చూస్తున్న. ఇంకా సల్లగనే ఉన్నది.