పట్టుకునున్న ఇల్లు

అప్పలసామి బావా,

నువ్వు పోయి పదకొండు నెలలు. బాగున్నావా అని అడగను. నువ్వెక్కడున్నా బాగానే ఉంటావు, అదే నా కడుపుమంట. నిన్ను కడిగేద్దామని మొదలుపెట్టిన ఉత్తరం ఇది... రాస్తుంటే నవ్వొస్తోంది.

ఈ మలేషియా క్లాంగ్ ఊళ్లో మన రెండిళ్లకీ ఒకటే గోడ. రబ్బరు ఎస్టేటు కూలీల ఇళ్ల లైనులో చెక్కగోడ తట్టి పక్కింటివాళ్లని టీకి పిలిచే అలవాటు, నువ్వు ఈ ఇటుక గోడకీ తెచ్చావు. పొద్దున్నే రెండు దెబ్బలు. నేనూ రెండు కొడితే, వస్తున్నానని.

ఆ ఉగాది భోజనాల్లో ఏమన్నావో గుర్తుందా? "పక్కిల్లంటే పక్కనున్న ఇల్లు కాదు బావా, పట్టుకునున్న ఇల్లు!" నిఘంటువులు నమిలినవాణ్ణి, ఊరుకుంటానా? ఏ పుస్తకంలో ఉందో చూపించమన్నాను. నువ్వు నా విస్తట్లో ఇంకో బూరె వేసి, "నేకపోతే నువ్వే రాసుకో లా!" అన్నావు, చివర మలాయివాళ్ల "లా" తగిలించి. అందరూ నవ్వారు... నన్ను చూసి.

ఆ రోజునుంచీ నేను గోడ తట్టలేదు. నువ్వు పోయేదాకా, రెండేళ్లు. నువ్వు మాత్రం రోజూ తడుతూనే ఉన్నావు. ఎందుకు బావా? నేను వింటున్నానని తెలుసా?

నీ సంతాపసభలో మన సంఘం ప్రెసిడెంటు నీ ఇంటిపేరు తప్పు చదివాడు. లేచి సరిచేశాను. నీ మీద ప్రేమతో అనుకోకు, తప్పు తప్పే.

ఇప్పుడు నీ ఇంట్లో లిగాయా అని ఫిలిప్పీన్స్ నర్సు అద్దెకుంటోంది. ఫోనులో వాళ్లమ్మకి నన్ను చూపించి "కపిట్‌బహాయ్" అంది. తిట్టేమోనని వాళ్ల తగలోగు భాష నిఘంటువు తెప్పించాను. పొరుగువాడట! విడదీసి చూశాను. కపిట్ అంటే గట్టిగా పట్టుకోవడం. బహాయ్ అంటే ఇల్లు. మలాయిలో సభాశాలని బలాయ్ అంటామే, దానికి చుట్టమే.

పట్టుకునున్న ఇల్లు!

సముద్రం అవతల ఒక జాతి జాతంతా నీ మాటే మాట్లాడుతోంది బావా. అచ్చులో ఉంది. పళ్లసెట్టు ఊడేలా నవ్వాను. ఆ పేజీ అంచున నీ పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.

ఈ కథంతా లిగాయాకి చెప్పాను. ఇవాళ పొద్దున్న గోడమీద రెండు దెబ్బలు... నువ్వు కొట్టే చోటే. నేనూ రెండు కొట్టాను. వెళ్తే, ఆ పిల్ల టీలో పంచదార నీలాగే కుమ్మరించింది. మొత్తం తాగాను.

నీకూ వినబడిందా?

రేపట్నుంచి ముందు నేనే తడతాను.

గోడకి ఇవతల,
నీ సింహాచలం